ఉన్ నుంచి ఆల్థాన్ దాకా: బావ అప్పీలుకు వకీలు వేట

మా బావ నర్సయ్యకు సూరత్‌లో కింది కోర్టు మూడు నెలల జైలు వేసింది. బావ సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. నూలు దొంగిలించాడని యజమాని కేసు పెట్టాడు. జడ్జి అడిగితే బావ నేరం ఒప్పుకున్నాడట. అప్పీలు చేసుకోమని ఇచ్చిన బెయిలు శుక్రవారంతో సరి. అక్క ఫోన్లో ఏడుస్తుంటే, కరోనా రెండో ఏడాది, వరంగల్‌లో రైలెక్కాను.

బుధవారం ఉదయం ఏడింటికి సూరత్‌లో దిగాను. అక్కావాళ్లుండే ఉన్ వరకు ఆటోకు మూడు వందలు. దారిలో కోపం చల్లబడింది గానీ బావను చూడగానే ఒళ్లు మండింది. "తియ్యనోనివి ఎందుకు ఒప్పుకున్నవ్ బావా?" అని మాస్కులోంచే గట్టిగా అడిగాను. తల ఊపాడు. ఏమడిగినా అదే ఊపుడు.

పదకొండింటికి అక్కతో కలిసి ముగ్గురం వకీళ్లుండే ఖటోదరా చేరాం. అక్కడి వకీలు తీర్పు చదివి, "ఒప్పుకున్నాక అప్పీలేంటి భాయ్? శిక్ష తగ్గించమని అడుగుదాం, అంతే" అన్నాడు. మరో ఇద్దరు వకీళ్లు అదీ అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది మా పని.

మధ్యాహ్నం మూడింటికి, అక్క వంట చేసే ఇంటివాళ్లు చెప్పిన వకీలమ్మ కోసం ఆల్థాన్ వెళ్లాం. ఆటోకు ఎనభై. వకీలమ్మ ఇంట్లో జ్వరాలట. ఆవిడ మూసిన అద్దాల తలుపు వెనక మాస్కు లేకుండా కూర్చుని, స్పీకర్ పెట్టిన ఫోన్లో మాతో హిందీలో మాట్లాడింది. "నూలు తీశావా?" అని అడగ్గానే బావ ఆవిడ ముఖం చూస్తూ, "నై మేడమ్, కసమ్" అని ఒట్టేశాడు.

ఆవిడ బావ చూపు గమనించి, ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని, "నీ పేరు మోహనా?" అంది. బావ తల ఊపాడు.

అప్పుడర్థమైంది నాకు. ఇరవై ఏళ్ల సాంచాల మోతకు బావ చెవులు పోయి, పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. కోర్టులో అందరి నోళ్లకూ మాస్కులే. ఆవిడ ఫైలు దించి, మరి కోర్టులో ఎందుకు ఒప్పుకున్నావని అడిగింది. "సాంచాల కాడ మాలిక్ ఏమన్నా తల ఊపుతం. గక్కడ గూడ గట్లనే ఊపిన" అన్నాడు మెల్లగా.

"వినబడదని అప్పీల్లో రాయాలి. పరీక్ష చేయించాలి. అందరికీ తెలుస్తుంది" అంది ఆవిడ.

బావ ఈసారి తల అడ్డంగా ఊపాడు. "గది రాస్తే నాకు సాంచ ఎవలిస్తరు?"

అక్క మాస్కు కిందికి లాగి ఆయన ఎదుట నిలబడింది. "జైల్ల ఇస్తరా?"

బావ అప్పీలు కాగితాల మీద సంతకం పెట్టాడు.

గురువారం అప్పీలు పడింది, శిక్ష ఆగింది. ముగ్గురు వకీళ్లు కాగితం చదివారు, ఒక్కావిడ మనిషిని చూసింది. అందుకే చెబుతున్నా, అప్పీలుకు వెళ్లేటప్పుడు తీర్పు నకలుతో పాటు శిక్ష పడ్డ మనిషినీ వెంట తీసుకెళ్లండి, వకీలు ఆయనతోనే నేరుగా మాట్లాడేలా చూడండి. బావ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. సాంచ మాత్రం మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.