పురుగంటే పామే

ఆ కాలంలో ఎల్లారెడ్డి అడవి అంచున కప్పలకూ పాములకూ ఒక దఫ్తరు ఉండేదంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాటిని పట్టి, కొలిచి, తూచి, పట్టినచోటే వదిలే ఆ కేంద్రంలో నేను పనిచేశాను. బడికి పోలేదు గాని, పుస్తకాలు చూసి నేర్చినవాణ్ణి. బెంగళూరు నుంచి వచ్చిన మా సారు కూడా పుస్తకాలు చూసే తెలుగు నేర్చాడు కనుక మాది ఒకటే కులం అనుకునేవాణ్ణి. ఆయన మాత్రం అడవికి పోయినప్పుడల్లా బిచ్కుంద నుంచి వచ్చిన నా తోటి పనివాణ్ణే మోటార్ సైకిల్ వెనక ఎక్కించుకునేవాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడే వాడు పామును ‘సాప్’ అనేవాడు, అందుకే మాకు వాడు సాపు. వాడు వెనక సీటు మీద కాళ్లాడిస్తూ పోతుంటే నేను కప్పల తొట్లు కడిగేవాణ్ణి. (అన్ని నీళ్లు పోసినా కడుపుమంట ఆరలేదు.)

ఒక సాయంత్రం సారు మా ఇద్దరినీ పిలిచి, “రేపు ఉదయం నాకు ప్రాణముతో ఉన్న పురుగులు కావలెను. మంచివి తెచ్చినవారు ఇకమీదట నాతో అడవికి రావలెను” అన్నాడు. మా దిక్కు పామును పేరు పెట్టి పిలవం, పిలిస్తే వస్తదని భయం. పురుగు అంటాం. సారు మా మర్యాద ఎంత బాగా నేర్చాడని మురిసిపోయి, తెల్లవారగానే వరి గట్టున జెర్రిపోతును పట్టి యూరియా సంచిలో తెచ్చాను. సాపు అగ్గిపెట్టెతో వచ్చాడు.

“ఏందిరా, సారుకు బీడీ ముట్టిస్తవా?”

“మిడతలన్నా. కప్పలకు మేత.”

“సారు పురుగులు అడిగిండు.”

“గివే గదన్నా పురుగులు.”

వాడి తెలివికి జాలిపడి, తొట్ల గదిలో సారు ముందే సంచి విప్పాను. మేత ఎవరికో దానికి బాగా తెలుసు. సారు ముద్దుగా పెంచుకుంటున్న కప్పను మింగింది.

“ఇది పాము” అన్నాడు సారు, సన్నటి గొంతుతో.

“మీరే గద సార్, పురుగన్నరు.”

ఆయన ఖాళీ తొట్టి వైపు చూశాడు, అగ్గిపెట్టె వైపు చూశాడు, బయటికి పోయి బండి స్టార్ట్ చేశాడు. సాపు వెనకెక్కాడు. తప్పెవరిదో మీరే చెప్పండి. కామారెడ్డి దవాఖానకు పోయి పురుగు ముట్టిందంటే డాక్టరు మిడత కోసం వెతుకుతాడా?

ఇదే ఎల్లారెడ్డిలో మా వెనక గల్లీలో స్థిరపడ్డ సాపు మొన్న వానల్లో ఫోన్ చేశాడు. “అన్నా, వంటింట్లకు పురుగు సొచ్చింది, జర జల్ది రా.” ఇన్నేళ్లకు వాడికీ తెలుగు వచ్చింది. ఖాళీ అగ్గిపెట్టె పట్టుకుని పోయాను.

వాడు దాన్ని చూసి, “ఇంక మర్వవా అన్నా?” అన్నాడు.

“మర్వ.”

పురుగు అప్పటికే మోరీలోంచి వెళ్లిపోయింది. చాయ్ తాగించి, తన మోపెడ్ మీద ఇంటికి దింపుతానన్నాడు. ఆ వెనక సీటు నాకు ఇప్పటికి దక్కింది. ముందున్నది సారు కాదు, సాపు. అయినా కాళ్లు కొంచెం ఆడించాను.