సొన్నమ్మ సాకిన తొట్టి

ఆయుధపూజ నాడు ఉదయం తొమ్మిదిన్నరకు మా మేనేజరు మోహన్‌కుమార్ గారు తొట్టికి కుంకుమ బొట్టు పెట్టబోయి, గట్టుమీది జిగురుకు జారి, ఎడమకాలు మోకాలిదాకా అందులో దించారు. కొత్త తెల్ల పంచె. పైకి వచ్చేసరికి సగం తెలుపు, సగం వంకాయ రంగు. కుంకుమ మాత్రం చేతిలో భద్రంగానే ఉంది.

ఎవరమూ నవ్వలేదు. సొన్నమ్మ పరుగెత్తుకొచ్చి, "కాలు మెల్లగా తీయండి సార్, అవి చెదిరిపోతాయి" అంది. అప్పుడు అందరమూ నవ్వాం.

అవి అంటే బాక్టీరియా. బెంగళూరు శివారులో చందాపుర పక్కన మా అద్దకం మిల్లులో బట్టలకు వేయగా మిగిలిన రంగునీళ్లన్నీ ఆ తొట్టిలోకే వస్తాయి. గోడలకు పట్టిన నల్లటి జిగురులో కంటికి కనబడకుండా బతికే అవి ఆ రంగును విరిచేస్తాయి. నీళ్లు తేరాకే కాలువలోకి వదలాలి. పదకొండేళ్లుగా పేడనీళ్లూ బెల్లంనీళ్లూ పోసి వాటిని సాకుతున్నది సొన్నమ్మ. హెబ్బగోడిలో ఒక గది, ఈ ఉద్యోగం, అంతే ఆమె ఆస్తి. బెల్లం కలుపుతూ వాటితో మాట్లాడేది.

"ఏమక్కా, నీ పిల్లోళ్లు తిన్నారా?" అని తోటి పనివాడు ఆవులప్ప రోజూ అడిగేవాడు. ఆమెకు పిల్లలు లేరు. అందుకే ఆ హాస్యం మాలో బాగా పండేది.

మోహన్‌కుమార్ గారు ప్యాంటు వేసుకుని తిరిగొచ్చారు. "పదకొండుకు ఓనర్ వస్తాండారు. ఈ గలీజంతా బ్లీచింగ్ ఏసి బాగా రుద్ది కడుగు."

"గలీజు కాదు సార్, అది వాటి ఇల్లు. బ్లీచింగ్ పడితే సచ్చిపోతాయి."

"మిషన్లన్నీ కడిగినాము, నీ తొట్టికి పండగ లేదా? కడగకుంటే రేపట్నించి రావద్దు."

స్టోరులోంచి రెండు బస్తాల బ్లీచింగ్ తీసిచ్చింది నేనే. రిజిస్టరులో ఆమె చేత సంతకం కూడా పెట్టించుకున్నాను. ఓనరు వచ్చి, తొట్టి అద్దంలా ఉందని మెచ్చుకుని మేనేజరుకు శాలువా కప్పారు.

పండగ సెలవులయ్యాక మిల్లు తెరిచిన మూడో రోజు కాలువలో వంకాయ రంగు పారింది. తనిఖీవాళ్లు వచ్చారు. ఎవరు కడిగారని ఓనరు అడిగితే మోహన్‌కుమార్ గారు నా రిజిస్టరు తెరిచి సొన్నమ్మ సంతకం చూపించారు. నేనక్కడే ఉన్నాను. చెప్పు తెగిందేమోనని కిందికి చూసుకుంటున్నాను. సాయంత్రానికి ఆమెను పనిలోంచి తీసేశారు.

కడగడానికి ముందే ఆమె ఒక పెయింటు డబ్బాడు జిగురు దాచిందనీ, గదిలో డ్రమ్ములో పోసి సాకుతోందనీ వారం తర్వాత తెలిసింది. తెమ్మని నన్నే పంపారు.

"మళ్లా పనికి పిలుస్తారా అన్నా?" అంది, డ్రమ్ముకు గుడ్డ కడుతూ.

"పిలుస్తారులేమ్మా" అన్నాను. ఆటో ఎక్కించేటప్పుడు డ్రమ్ము ఒలకకుండా తనే పట్టుకుంది.

పిలవలేదు. ఎలా పొయ్యాలో అడగడానికి కూడా పిలవలేదు. బ్లీచింగ్ వాసన పోని ఆ తొట్టిలోనే ఆవులప్ప డ్రమ్మంతా గుమ్మరించాడు.

పది రోజులు చూసి, మోహన్‌కుమార్ గారు నా ఎదుటే స్పీకరు పెట్టి ఫోన్ చేశారు. "ఏమ్మా, నువ్విచ్చినవి పని చేస్తానే లేవు. నీళ్లు అట్లే ఉండాయి."

అవతల కుక్కరు ఒకసారి కూసింది.

"పని చేయకుంటే వాటిని గూడా తీసేయండి సార్."