ఏమీ తెలియని పోశన్న

పోశన్నకు ఈ లోకంలో తెలిసిన సంగతంటూ ఒక్కటీ లేదు. ఎవరు ఏం చెప్పినా ఆ మాట అప్పుడే మొదటిసారి వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసేవాడు, నోరు సగం తెరిచేవాడు, "గట్లనా!" అనేవాడు. అది మర్యాదకు అన్న మాటలా ఎక్కడా ఉండేది కాదు. చెప్పినవాడికి తానేదో గొప్ప రహస్యం బయటపెట్టానన్న గర్వం కలిగి, ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలనిపించేది. దోహాలో ఎండాకాలం ఎండలు బాగా కాస్తాయని చెప్పినా అదే గట్లనా. ఆ ఎండలో ఆయన పద్దెనిమిదేళ్ళుగా వ్యాను నడుపుతున్నాడు మరి.

ఆయన సొంతూరు జగిత్యాల దగ్గర. ఖతర్‌లో గ్యాసు పుణ్యమా అని వారానికో మేడ లేస్తున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. పొద్దున అల్ అజీజియాలో ఉండే ఇంజనీర్ల పిల్లలను బడి దగ్గర దింపడం, సాయంత్రం ఇళ్ళకు చేర్చడం, మధ్యలో సార్లను ఎక్కడికంటే అక్కడికి తిప్పడం కంపెనీలో పోశన్న డ్యూటీ. ఉండేది ఊరి బయట లేబర్ క్యాంపులో. "మా ఇంటోళ్ళు నేను దుబాయ్‌ల ఉన్ననంటరు సారూ. గా దుబాయ్ ఎట్లుంటదో జర చెప్పుండ్రి" అని ఆయన అడిగితే, దుబాయ్ మొహం చూడని సార్లు కూడా గంటసేపు వర్ణించేవారు.

అందరిలోకీ ఎక్కువగా చెప్పేది రామకృష్ణారావు గారు. ఆయనకు దారులు చెప్పే సరదా. సెలవునాడు చేపల కోసం కుటుంబాన్నంతా వెంటేసుకుని ఉత్తరాన ఉన్న అల్ రువైస్‌కు బయలుదేరితే, వ్యాను కదిలిన దగ్గర్నుంచీ పాఠం మొదలు.

"పోశన్నా, ఈ రోడ్డు తిన్నగా వెళ్తే సముద్రం వస్తుంది."

"గట్లనా సారూ! గింత పెద్ద రోడ్డు సముద్రం దాకనే పోతదా?"

"అంతేనయ్యా. ఆ తర్వాత రోడ్డు లేదు."

"అబ్బ! ఎట్ల తెలుసుకుంటరు సారూ గివన్నీ?"

తీరా అల్ రువైస్‌లో దిగితే, పడవల దగ్గరున్న జాలర్లందరూ "పోశన్నా, పోశన్నా" అంటూ పరుగెత్తుకొచ్చి కౌగిలించుకునేవారు. ఒకాయన వాళ్ళ అబ్బాయి పెళ్ళి ఫోటోలు కూడా చూపించాడు. రావు గారు అదేమీ గమనించకుండా, "చూశావా, ఇక్కడ చేపలు తాజాగా ఉంటాయి" అనేవారు. పోశన్న జాలరి కౌగిట్లోంచే తల బయటికి పెట్టి గట్లనా అనేవాడు.

వెనక సీట్లో కూర్చున్న రావు గారి అమ్మాయి హైమకు ఇదంతా చూసి నవ్వు ఆగేది కాదు. పెద్దవుతున్న కొద్దీ ఆ నవ్వులో కొంచెం జాలి, మరికొంచెం చిరాకు వచ్చి చేరాయి. ఇన్నేళ్ళ నుంచి ఇక్కడుండి ఒక్క ముక్క నేర్చుకోని మనిషిని ఏమనాలో ఆ పిల్లకు తెలిసేది కాదు.

హైమకు డాక్టరు కావాలని కోరిక. చిన్నప్పటి నుంచీ ఇంకో మాట లేదు. మార్కులకు కొదవలేదు. కొదవల్లా గొంతుకే. నలుగురి ముందు నిలబడితే చాలు, మూతపడిపోయేది. బడి వార్షికోత్సవంలో స్వాగతోపన్యాసం ఇవ్వమంటే "గౌరవనీయులైన" దాకా వచ్చి ఆగిపోయింది. ఆ గౌరవనీయులెవరో సభకు చివరిదాకా తెలియలేదు.

దోహాలో ఒక విదేశీ మెడికల్ కాలేజీ ఉందని, కూతురు కళ్ళెదుటే ఉండి చదువుకోవచ్చని తల్లి కమలాదేవి సంబరపడింది. దరఖాస్తు తెచ్చి చూశాక ఆ సంబరం సగానికి దిగింది. చదువు కాకుండా అమ్మాయి ఏమేం చేస్తుందో రాయమన్నారు. ఆ తర్వాత ఇంటర్వ్యూ.

"చదువు కాకుండా ఏం చేస్తుందీ అంటే? మన అమ్మాయి చదువుతుంది కదా!" అన్నారు రావు గారు అయోమయంగా.

"చదువు కాకుండానండీ."

"చదువు కాకుండా..." ఆయన చాలాసేపు ఆలోచించారు. "నిద్రపోతుంది."

ఆయన కాలంలో చదువు కాకుండా ఇంకేదైనా చేసినవాడికి సీటు వచ్చేది కాదు. ఇప్పుడు చెయ్యకపోతే రాదంటున్నారు. దంపతులిద్దరూ ఆ రోజు నుంచి వ్యాపకాల వేటలో పడ్డారు. ముందు గుర్రపుస్వారీ. మొదటి రోజే గుర్రం హైమను చూసింది, హైమ గుర్రాన్ని చూసింది, ఇద్దరికీ పొసగదని ఇద్దరికీ అర్థమైపోయింది. తర్వాత పక్కింటి ఇందిరాదేవి గారి దగ్గర వీణ. ఆవిడ మూడో పాఠానికే "అమ్మాయి లెక్కల్లో బాగా చురుగ్గా ఉందండీ" అని మెచ్చుకుని పంపేసింది. తులసికి నీళ్ళు పోయడం పర్యావరణ పరిరక్షణ కిందికి వస్తుందా రాదా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది.

చివరికి ఇందిరాదేవి గారే దారి చూపించింది. "మా వాడూ అదే చేశాడు, ఆ ఎదురింటి పిల్లలూ అదే చేశారు. శుక్రవారం శుక్రవారం క్యాంపుకు పోయి పనివాళ్ళకు ఆరోగ్య సూత్రాలు చెప్పడం. చేతులు కడుక్కోవడం, ఎండలో జాగ్రత్తలు, అవీ ఇవీ. మెడిసిన్‌కు అంతకంటే మంచి వ్యాపకం ఏముంది? అందరికీ సీట్లొచ్చాయి. పోశన్నే తీసుకెళ్తాడు."

దారి పొడుగునా హైమ తాను చెప్పబోయేది నెమరు వేసుకుంటూనే ఉంది. క్యాంపు భోజనశాలలో బల్లల ముందు నిండా మనుషులు. వారమంతా ఎండలో ఒళ్ళు హూనం చేసుకుని, ఉన్న ఒక్క సెలవునాడు స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. హైమ లేచి నిలబడింది. "చేతులు" అంది. అంతే. ఆ తర్వాత మాట రాలేదు. ఏడుపు ముంచుకొస్తోంది.

"బిడ్డా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు" అని పోశన్న లేచాడు. "చేతులకు మట్టి అంటితే దులుపుకుంటే పోతది గదా. మల్ల కడుక్కునుడెందుకు?"

"దులిపితే పోతుందా!" హైమకు ఒళ్ళు మండింది. "కంటికి కనపడనివి ఎన్ని ఉంటాయో తెలుసా?"

"కండ్లకు కనవడనియి గూడ ఉంటయా!"

"ఉంటాయి!"

"గట్లనా! అయితే కనవడకపోతే ఉన్నట్టు ఎట్ల తెలుస్తది?"

అక్కడ మొదలైన హైమ గొంతు భోజనం గంట కొట్టేదాకా ఆగలేదు. తనకే ఆశ్చర్యం వేసింది.

మరుసటి శుక్రవారం ఎండదెబ్బ. దప్పిక వేసేదాకా నీళ్ళు తాగకుండా ఉంటే నీళ్ళు మిగులుతాయి కదా అన్నాడు పోశన్న. ఆ తర్వాతి వారం పళ్ళు. కింది వరుస తోముకుంటే పై వరుసకు కూడా సరిపోతుందా అని అడిగాడు. జనం పగలబడి నవ్వేవారు, హైమ తల పట్టుకునేది, తల పట్టుకుంటూనే దంచి చెప్పేది. నెలలు గడిచాయి. నోట్లోంచి మాటలు నీళ్ళలా వస్తున్నాయి. ఒక్క పోశన్న మాత్రం ఎక్కడివాడక్కడే ఉన్నాడు. మొదటివారం చెప్పిన చేతుల సంగతి మళ్ళీ మొదటి నుంచి అడుగుతాడు.

ఇంటర్వ్యూ దగ్గరపడిన ఒక శుక్రవారం హైమకు ఓపిక నశించింది. పోశన్న లేచి "చేతులకు మట్టి అంటితే" అనబోయాడో లేదో, అందరి ముందూ విరుచుకుపడింది.

"నీకసలు బుర్రలో ఏమైనా ఉందా పోశన్నా? ఎన్నిసార్లు చెప్పాలి? ఇంతమంది నేర్చుకున్నారు, నీకొక్కడికే ఎందుకు రాదు? ఇక నువ్వేమీ అడక్కు. కూర్చో."

భోజనశాలలో ఎవరూ నవ్వలేదు. పోశన్న మాత్రం చిన్నగా నవ్వి, "మంచిది బిడ్డా" అని కూర్చున్నాడు. ఆ పూట ఇంకెవరూ ఏమీ అడగలేదు. పాఠం ఎందుకో చప్పగా, తొందరగా ముగిసిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. హైమే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలు. మీరు చెప్పిన పాఠం ఎక్కని మనిషి ఎవరైనా తగిలారా అని ఒకావిడ అడిగింది. హైమ తడుముకోలేదు. పోశన్నను వాళ్ళ ముందు నిలబెట్టింది. ఆ కళ్ళు, ఆ నోరు, ఆ పళ్ళ వరుసల ప్రశ్న, అన్నీ అభినయించి మరీ చూపించింది. అలాంటి మనిషికి కూడా తానెంత ఓపిగ్గా చెప్పిందో చెప్పింది. ముగ్గురూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. సీటొచ్చింది.

మిఠాయి డబ్బాతో క్యాంపుకు వెళ్తే పోశన్న లేడు. నెల క్రితం పని విరమించి ఇంటికి పోయాడన్నారు. పరీక్షల హడావిడిలో వ్యానుకు కొత్త డ్రైవరు వచ్చిన సంగతి హైమ పట్టించుకోనే లేదు. భోజనశాల వంటమనిషి గులాం నబీ డబ్బా అందుకున్నాడు. ఆయనది కోరుట్ల, పోశన్నకు జిగిరీ దోస్తు.

"సీటొచ్చిందా? మాషా అల్లా! పోశన్నకు చెప్తె ఎంత ఖుషీ అయితడో."

"ఆయనకు మాత్రం చేతులు కడుక్కోవడం నేర్పలేకపోయాను" అంది హైమ నవ్వుతూ.

గులాం నబీ ఆమెను వింతగా చూశాడు. "పోశన్నకు చేతులు కడుగుడు నేర్పుతవా? అరే బిడ్డా, కొత్తగ దిగినోళ్ళకు గివన్నీ చెప్పేదే ఆయన. నీళ్ళు తాగుడు, నీడకు కూసునుడు, అన్నీ. చేతులు కడుక్కోనోనికి నన్ను బువ్వ పెట్టనియ్యకపోతుండె."

"మరి నన్ను ఎందుకలా..."

"నిన్నొక్కదాన్నే అనుకున్నవా? మీ కాలనీ పోరగాళ్ళందరూ వచ్చిండ్రు. సర్టిఫికెట్ కోసం వస్తరు పాపం, గీడ నిలవడంగనే వణుకుతరు. పోశన్న మాకు ముందే చెప్పిపెట్టిండు. 'చెప్పేటోళ్ళకు నోరు రావాలంటే ఇనేటోడు ఒకడన్న తెల్వనోడు ఉండాలె. గది నేనుంట, మీరెవ్వరు నడుమల రాకుండ్రి' అన్నడు. అందరిని ఆయనే దాటించిండు."

హైమ భోజనశాలలో తాను నిలబడి పాఠం చెప్పే చోటు వైపు చూసింది.

"మీ నాయినకు గూడ అంతే గదా" అన్నాడు గులాం నబీ తాపీగా మిఠాయి నోట్లో వేసుకుంటూ. "ఆఫీసుల సారు మాట ఎవరు ఇనరట. తొవ్వ పొడుగు జర చెప్పుకుంటే ఆయన మొఖం తేటగైతది అనెటోడు పోశన్న."

హైమకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఇంటర్వ్యూ గది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఎవరి పుణ్యాన నోరు వచ్చిందో, ఆయన్నే ఆ నోటితో ముగ్గురి ముందు వెర్రివాణ్ణి చేసి సీటు తెచ్చుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పోశన్న నంబరు తీసుకుని ఇంటికొచ్చీ రాగానే ఫోను చేసింది. క్షమించమని అడగాలి. ఏమేం చెప్పాలో అంతా వరసగా అనుకుంది కూడా.

"పోశన్నా, నేను హైమను. నీకో మాట చెప్పాలి. ఇంటర్వ్యూలో నేను..."

"హైమ బిడ్డా! సీటొచ్చిందా? మంచిగున్నది! గని నాకొకటి తెల్వది. డాక్టర్ కావాలంటే ఎన్నేండ్లు సదవాలె?"

"ముందు రెండేళ్ళు మామూలు సైన్సు..."

"రెండేండ్లకే సూది ఇయ్యనిస్తరా?"

"ఛ, అప్పుడే ఎలా ఇస్తారు! ముందు శరీరం లోపల ఏమేం ఉంటాయో నేర్చుకోవాలి కదా. ఆ తర్వాత..."

ఆ తర్వాత ఏమవుతుందో, ఇంకా ఆ తర్వాత ఏమవుతుందో హైమ పూసగుచ్చినట్టు చెప్పింది. కార్డులో డబ్బులైపోయి ఫోను కట్ అయ్యేదాకా చెప్పింది. చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాక గానీ తెలియలేదు, ఆయన మళ్ళీ అదే పని చేశాడని. క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది. మరో రెండుసార్లు ఫోను చేసినా ఇదే కథ. ఒకసారి గుండె ఎడమవైపే ఎందుకుంటుందని అడిగాడు, ఇంకోసారి చిన్న పిల్లలకు చిన్న మాత్ర ఎందుకని. క్షమించమన్న ఆ ఒక్క మాట ఇప్పటికీ చెప్పనే లేదన్న బాధ హైమకు అలాగే ఉంది.

మరుసటి ఏడు అల్ సద్‌లో మందుల షాపు నడిపే ఇక్రాముద్దీన్ గారి అమ్మాయి మెహర్ సుల్తానా మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టింది. "హైమక్కా, క్యాంపులో నా మొదటి క్లాసుకు నువ్వు కూడా రావా" అని బతిమాలితే హైమ తోడు వెళ్ళింది. బల్లల ముందు మనుషుల మధ్య కాస్త జరగమని చోటు చేసుకుని కూర్చుంది. మెహర్ లేచింది. ఒక మాట అంది. రెండో మాట రాలేదు. చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. గులాం నబీ వంటగది గుమ్మంలోంచి తొంగిచూశాడు.

హైమ చెయ్యెత్తింది.

"మెహర్, నాదొక సందేహం. జ్వరమొస్తే చన్నీళ్ళు తాగేస్తే ఒళ్ళు చల్లబడిపోతుంది కదా. మళ్ళీ మందెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. మెహర్ నమ్మలేనట్టు కళ్ళు పెద్దవి చేసింది. "అక్కా! నువ్వు మెడిసిన్ చదువుతూ అడగాల్సిన ప్రశ్నేనా ఇది? ఒళ్ళు వేడెందుకెక్కుతుందో ముందు తెలుసుకో" అంటూ కాగితం పక్కన పడేసి మొదలుపెట్టింది. గులాం నబీ వచ్చి అన్నం చల్లారిపోతోందని మొత్తుకునేదాకా ఆపలేదు.

తిరుగు ప్రయాణంలో మెహర్ మొహం వెలిగిపోతోంది. ఇక ఉండబట్టలేక హైమ వైపు తిరిగింది.

"ఏమీ అనుకోకక్కా, అడుగుతున్నానని. అసలు నీకు సీటెలా వచ్చింది?"

"నాకు ఒకాయన తెచ్చిపెట్టాడమ్మా" అంది హైమ.