పంపు దగ్గరి బావ

ఆ ఫైర్ స్టేషన్లో అందరికీ అతను బావే. నిజానికి అతనికి ఉన్నది ఒక్క బావమరిది, భార్యకు తమ్ముడు. అతను కూడా అదే స్టేషన్లో ఉద్యోగంలో చేరి, పొద్దస్తమానం "బావా, బావా" అంటూ వెంట తిరుగుతుంటే మిగతావాళ్లకీ నోటికి అదే పట్టేసింది. ఆఖరికి ఆఫీసరు కూడా ఓసారి హాజరు పిలుస్తూ "బావ" అనేసి నాలుక కరుచుకున్నాడు. బావ చేసేది నీళ్ల పనే గానీ మనిషి మాత్రం అగ్గిమీద గుగ్గిలం. తుడిచిన బండి మీద ఎవడైనా మురికి చెయ్యి వేశాడంటే ఆ రోజు వాడికి మూడినట్టే.

ఫైరింజన్లో ఎవరి పని ఏమిటన్నది కూర్చున్న సీటే చెబుతుంది. ముందు సీట్లో ఆఫీసరు. లోపలికి ఎవరు వెళ్లాలో, ఎప్పుడు వెనక్కి రావాలో ఆయన మాటే మాట. వెనక ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నవాడు, అంటే బావమరిది, గొట్టం మూతి పట్టుకుని ముందు నడుస్తాడు. ఆ పక్కవాడు గొట్టం మోస్తూ, ముందువాడి భుజం వదలకుండా వెళతాడు. డ్రైవరు, అంటే మన బావ, దిగి పంపు దగ్గర నిలబడతాడు. నిలబడితే నిలబడ్డట్టే. లోపలున్నవాళ్ల ప్రాణాలు అతని చేతికింది లివరు మీద ఉంటాయి కాబట్టి ఆకాశం విరిగి మీద పడ్డా అక్కణ్ణుంచి కదలకూడదు. కొత్తగా చేరినవాళ్లకి నేర్పే మొదటి పాఠం అదే.

రెండో పాఠం వింటే నవ్వొస్తుంది. ఆ స్టేషన్లో "ఆపు" అనే మాట వాడరు. వీళ్లెవరూ చేరకముందు ఎప్పుడో, లోపలినుంచి ఒకతను "నీళ్లాపు" అని అరిస్తే, మంటల హోరులో పంపు మనిషికి "నీళ్లు పంపు" అని వినబడిందట. ఇంకాస్త గట్టిగా పంపాడట. తర్వాత ఏమైందని అడిగితే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. అప్పట్నుంచీ నీళ్లు కావాలంటే "కొట్టు", వద్దంటే "చాలు". ఆ "చాలు"ని ఇంక దేనికీ ఖర్చు పెట్టరు. భోజనాల దగ్గర "వద్దు" అంటారు, లేదంటే పళ్లేనికి చెయ్యి అడ్డం పెడతారు. బావమరిది ఉండేది అక్కా బావల ఇంట్లోనే, అక్కడా అదే అలవాటు. అక్క కూర వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నోరు పడిపోయిందట్రా?" అని ఆవిడ ఆ చేతి మీదే గరిటె వంచబోయేది.

ఇలా సరదాగా సాగిపోతుండగా బావ నోరు జారాడు.

ఆ మధ్య ఒక నేలమాళిగలో పొగ కమ్మేసి బావమరిది కాసేపు దారి తప్పాడు. బయటికి క్షేమంగానే వచ్చాడు. కానీ ఆ తర్వాత తలుపు మూసిన గదిలో అతనికి నిద్ర పట్టలేదు. లిఫ్టు ఎక్కాలంటే ఒళ్లంతా చెమటలు. ఒకరోజు బండి కడుగుతూ మెల్లిగా అడిగాడు.

"బావా, కంట్రోల్ రూమ్‌లో ఫోన్లెత్తే కుర్చీ ఒకటి ఖాళీ అవుతోందట. సారుకి నువ్వో మాట చెప్తావా? లోపలికెళ్తే నాకు ఊపిరాడట్లేదు."

చెప్పొచ్చు కదా. చెబితే నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా. చెప్పాడు, కానీ ఎలాగ? స్టేషన్లో అందరూ భోజనానికి కూర్చున్నాక, "సార్, మావాడికి పొగ పడట్లేదట. కుర్చీ కావాలట. దాంతోపాటు ఓ దిండు కూడా ఇప్పించండి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బావమరిది పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టి లేచిపోయాడు.

ఆ తర్వాత అతని నోట "బావా" అన్న పిలుపు లేదు. పనికి సంబంధించిన మాట తప్ప మాటే లేదు. కుర్చీ సంగతి మళ్లీ ఎత్తకుండా అదే ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు.

"ఏమండీ, మీరే వెళ్లి సారుతో సరిగ్గా చెప్పండి" అంది భార్య. "వాడు బూట్లు కట్టుకుంటుంటే చేతులు వణుకుతున్నాయి. నేను చూశాను."

"రేపు చెప్తాలే" అన్నాడు బావ. తను తప్పు చేశానని అతనికి తెలుసు. తెలిసినా అభిమానం అడ్డొచ్చింది. మర్నాడూ "రేపు" అన్నాడు.

ఆ రేపు రాకముందే పరుపుల గోడౌన్ అంటుకుంది.

మిట్టమధ్యాహ్నం, ఇరుకు వీధి. కాపలా మనిషి లోపలే ఉండిపోయాడని యజమాని లబోదిబోమంటున్నాడు. (ఆ మహానుభావుడు టీ తాగడానికి వెళ్లాడని తర్వాత తెలిసింది.) బావమరిది మాస్కు తగిలించుకుంటూ ఒక్క క్షణం తలుపు వంక చూశాడు. ఆ చూపు బావ కంటపడింది. ఆగరా అనాలనిపించింది. వంగి గొట్టం బిగింపు సరిచూసుకున్నాడు. బావమరిది గొట్టం పట్టుకుని పొగలోకి వెళ్లిపోయాడు. చేతి వైర్‌లెస్ సెట్‌లో "కొట్టు" అని వినబడింది. బావ నీళ్లు కొట్టాడు.

కాసేపటికి లోపల ఏదో పెద్దగా కూలింది. వెనక గొట్టం మోసినవాడు పాక్కుంటూ బయటికొచ్చాడు, ఒక్కడే.

"ఇనుప అరలు పడిపోయాయి సార్. వాడి మీదంతా పరుపులే. కదల్లేకపోతున్నాడు. గొట్టం మాత్రం వదల్లేదు, మూతి తిప్పే వీల్లేక నీళ్లన్నీ వాడి మీది పరుపుల మీదే పడుతున్నాయి."

రెండో బండి ఇంకా దారిలోనే ఉంది. తలుపు నాలుగు అంగల దూరం. పరిగెత్తమని కాళ్లు గోల పెడుతున్నాయి. పరిగెడితే పంపు ఎవరు చూస్తారు? బావ అక్కడే, లివరు మీద చెయ్యేసి, కాలుగాలిన పిల్లిలా కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనను ఆ బండికి కట్టేశారని అతనికి మొదటిసారి అనిపించింది.

సెట్‌లో దగ్గు వినబడింది. తర్వాత మాట.

"చాలు బావా."

"కట్టెయ్యకు" అన్నాడు ఆఫీసరు. "వాడు ఆశ వదిలేసుకున్నాడు. నీళ్లు లేకపోతే మంట వాడి దాకా వస్తుంది."

బావకీ అలాగే అనిపించింది. ఇన్నాళ్లూ పిలవనివాడు ఇప్పుడు బావా అన్నాడంటే, పోయేముందు పిలుపు బాకీ తీర్చుకుంటున్నాడన్న మాటే. అప్పుడు అతనికి పళ్లేనికి అడ్డం పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. అక్క పెట్టే కూరకే ఆ మాట ఖర్చు చెయ్యనివాడు, చావుకు ఖర్చు చేస్తాడా? వీడు అంటున్నది నీళ్ల గురించే. నీళ్లు ఎందుకు వద్దు? మొన్నటి వానలో డాబా మీద తడిసిన ఒక్క పరుపుని తనూ భార్యా కలిసి ఎత్తలేకపోయారు. ఇక్కడ వాడి గుండెల మీద ఉన్నవి ఎన్నో.

"సార్, పరుపులు నీళ్లు తాగేస్తున్నాయి. ఆ బరువే వాణ్ని తొక్కేస్తోంది" అన్నాడు. ఆఫీసరు ఔనూ అనలేదు, కాదూ అనలేదు. బావ లివరు మూసేశాడు.

ఉబ్బిన గొట్టం వీధిలో చతికిలబడింది. ఆఫీసరు గునపం పట్టుకుని, ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని లోపలికి దూరాడు. సెట్‌లో చప్పుడు లేదు. తప్పుగా విన్నానేమో అనుకున్నాడు బావ. లోపల వాడు కాలిపోతుంటే తను చేతులారా నీళ్లు కట్టేసి నిలబడ్డాడేమో. అయినా కదల్లేదు. ఏ క్షణాన "కొట్టు" అంటారోనని చెవి అటు పెట్టి, ఏడుస్తూ, అక్కడే ఉన్నాడు.

బావమరిదిని ప్రాణంతోనే బయటికి తెచ్చారు. ఛాతీ మీద ఇంకాస్త బరువు పడివుంటే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. కుడి మోకాలు మాత్రం నుజ్జయిపోయింది. ఆస్పత్రిలో బావ మంచం పక్కన కూర్చుని, "ఒరేయ్, ఆ రోజు భోజనాల దగ్గర నేను..." అని మొదలుపెట్టాడు. బావమరిది పళ్లేనికి పెట్టినట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పైన ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

కంట్రోల్ రూమ్‌లో కుర్చీ ఇచ్చారు. మోకాలు కిందికి వేలాడకూడదు కాబట్టి ఎదురుగా బల్ల వేసి, దాని మీద దిండు పెట్టుకుంటాడు. చేరిన రోజున, "కుర్చీ, దిండు, రెండూ ఇప్పించావు బావా" అని నవ్వాడు. మనసులో ఏమీ పెట్టుకోకుండానే నవ్వాడు. అదే బావ తట్టుకోలేకపోయాడు. ఆ దిండుని రోజూ పొద్దున ఇంటినుంచి చంకలో పెట్టుకుని తెచ్చేది అతనే, సాయంత్రం తీసుకెళ్లేదీ అతనే. స్టేషన్లో దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

ఇప్పుడు గంట మోగి బండి వెళ్లి ఎక్కడ ఆగినా, గొట్టాలు దిగేలోపు కంట్రోల్ రూమ్ నుంచి సెట్‌లో బావమరిది గొంతు పలుకుతుంది.

"పంపు దగ్గరెవరు?"

"నేనేరా."

"కదలకు బావా."

"కదలను" అంటాడు బావ, లివరు మీద చెయ్యేసి.