సోషల్ సారు రాసిన తేదీ

శ్రీశైలం సారు నాతో చదివిన జోగయ్యను జైలుకు పట్టించి, అందుకు బదులుగా వైరాకు ట్రాన్స్‌ఫర్ తెచ్చుకున్నారని మా వైపు అందరూ అంటారు. చర్ల బస్సులో అంటారు, బోరింగు దగ్గర అంటారు. వైరా ఆయన సొంత ఊరు కాబట్టి అడిగి మరీ వేయించుకున్నారని, ప్రమోషన్ కూడా ఇచ్చారని కొందరు కలుపుతారు. సోషల్ పాఠం పేరు పెట్టి ఊళ్ళ సంగతులన్నీ పిల్లలతో రాయించుకున్నాడు, మొదటి నుంచీ పోలీసు క్యాంపు మనిషే అని ఇంకొందరు. ఈ చివరి మాట అనేవాళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

నేను ఆయన దగ్గర తొమ్మిది దాకా చదివాను. ఆ ఏడాది వానల్లో అమ్మ జ్వరం తలకెక్కి చనిపోయింది. తమ్ముళ్ళు ఇద్దరూ చిన్నవాళ్ళు, బడి మానేశాను. తర్వాత బళ్ళలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు అదే హైస్కూల్లో వంటకు కుదిరాను. నలుగురిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. వంటగది కిటికీకి ఎదురుగానే సార్ల గది ఉంటుంది. చాలా సంగతులు నాకు అట్లా తెలిసినవే.

ఆయన పొట్టి మనిషి. చాక్‌పీసు పొడికి తుమ్ములు వస్తాయని బోర్డును తడిబట్టతో తుడిచేవారు. చర్లలో కిరాయి గదిలో ఉండి రోజూ సైకిల్ మీద వచ్చేవారు. మేము ఎనిమిదికి వచ్చిన ఏడాదే ఆయన మా బడికి వచ్చారు. ఒకరోజు అడ్మిషన్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు తిరగేశారు. అందులో మా క్లాసులో ముప్పై ఒక్కమంది జూన్ ఒకటిన పుట్టి ఉన్నాం. బడిలో చేర్చేటప్పుడు మా అమ్మానాన్నలు తేదీ చెప్పలేరు, చేర్చుకునే సార్లు అదే వేస్తారు.

"జూన్ ఒకటిన ఇంతమందిని కన్నరు. పాపం మంత్రసాని ఆ రోజు అన్నమన్న తిన్నదా?" అన్నారు సారు.

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. పుస్తకం తీయమనలేదు. "ఇంటికాడ అడిగి రాండి. మీరు పుట్టినప్పుడు అడవిల ఏం రాలుతున్నది, ఏం కాస్తున్నది? ఊళ్ళె ఎవరు సచ్చిండ్రు, ఎవరి పెండ్లయింది? అదే మనకు మొదటి పాఠం."

మా అమ్మ విని, "మీ సారుకు పెండ్లాం పిల్లలు లేరా, మా కాన్పుల ముచ్చట ఎందుకు?" అంది. కానీ చెప్పింది. ఇప్పపూలు ఏరుకుని వచ్చిన సాయంత్రం నొప్పులు వచ్చాయని, ఆ నెలలోనే తాలిపేరు వాగు దగ్గర సిమెంటు లారీ బోల్తా పడిందని చెప్పింది. సారు ఆ లారీ గురించి చర్లలో మూడు చోట్ల అడిగి, అది పడింది ఎనభై ఐదులో అని తేల్చుకొచ్చారు. "దుర్గా, నువ్వు మార్చి ఆఖర్ల పుట్టినవు" అని క్లాసులో చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. నా గురించి అంత దూరం తిరిగి అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

నెల రోజుల్లో అందరి తేదీలూ ఎంతో కొంత తేలాయి. ఒక్క జోగయ్యకు మాత్రం రోజుతో సహా తేలింది. వాళ్ళమ్మ భీమక్క నిండు నెలలతో ఉన్నప్పుడు గోదావరి పొంగి తాలిపేరును వెనక్కి తన్నింది. ఊరంతా గుట్ట ఎక్కింది. నీళ్ళు ఇంక పైకి రాకుండా ఆగిన రోజున గుట్ట మీదే, ఇద్దరాడవాళ్ళు చీర అడ్డం పట్టుకుంటే, వాణ్ణి కన్నది. అది ఎనభై ఆరు పెద్ద వరద. సారు బోర్డు మీద పెద్దగా రాశారు: 1986 ఆగస్టు 16. మేం చప్పట్లు కొట్టాం. జోగయ్య తల దించుకుని నవ్వుతూ కూర్చున్నాడు.

వాణ్ణి బడికి తెచ్చింది కూడా సారే. చర్లలో బజ్జీలు కట్టిన నూనె కాయితాన్ని ఒక పిల్లవాడు వెలుతురుకు పెట్టి చదువుతుంటే చూసి, ఏ ఊరని అడిగి, మర్నాడు భీమక్క ఇంటికి వెళ్ళారట. వాడు ఊళ్ళో వాలంటీరు నడిపే చిన్న బడిలో చదివాడు, కాయితాలు ఏమీ లేవు. సారు పరీక్ష పెట్టి నేరుగా ఎనిమిదిలో కూర్చోబెట్టారు. ఎనిమిదిలో ఉండాలంటే ఎంత వయసు కావాలో చూసుకుని, జూన్ ఒకటి, 1985 అని రిజిస్టరులో తన చేత్తోనే రాశారు. అప్పటికి ఆయనకు వరద సంగతి తెలియదు.

తెలిసిన తర్వాత మార్చలేదు. జోగయ్య పదికి వచ్చినప్పుడు, పరీక్ష రాసేవాళ్ళ జాబితా పైకి పంపే రోజుల్లో మార్చుదామనుకున్నారు. పద్నాలుగు నిండందే పది రాయనివ్వరని, నిజం తేదీ వేస్తే వీడికి పదమూడే అవుతుందని, అనుమతి కాయితం హైదరాబాదు దాకా పోయి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయని హెడ్మాస్టరు అన్నారు. అప్పటికి నేను బడి మానేశాను. సారు వాణ్ణి పిలిచి అడిగిన మాట జోగయ్యే నాకు బోరింగు దగ్గర చెప్పాడు.

"ఏంరా, సర్కారు లెక్కల ఓ ఏడాది పెద్దోడివైతవా?"

"ఐతే మీసాలొస్తయా సార్?"

వాడు పది పాసయ్యాడు. వాళ్ళ ఊళ్ళో పది పాసైన మొదటివాడు వాడే. భద్రాచలంలో ఇంటరు ఒక ఏడాది చదివాడు. తండ్రి పోవడంతో తిరిగొచ్చి, బీడీల తునికాకు కల్లంలో కట్టల లెక్క రాసే పనికి కుదిరాడు. 2004 ఫిబ్రవరిలో రోడ్డు పనికి తెచ్చిన జేసీబీని ఎవరో తగలబెట్టారు. మర్నాడు పొద్దున పోలీసులు ఊళ్ళో కనబడిన మగవాళ్ళను పట్టుకుపోయారు. మిరప చేలో ఉన్న జోగయ్యను కూడా తీసుకుపోయారు.

వకీలు భీమక్కకు చెప్పింది ఒకటే మాట. "పిల్లగానికి పద్దెనిమిది నిండలేదని రుజువైతే ఈ జైల్ల ఉంచరు. పిల్లల కోర్టుకు పంపుతరు, జల్దీ ఇంటికొస్తడు." నిజం లెక్కన వాడికి పదిహేడున్నర. పది మార్కుల మెమో లెక్కన పద్దెనిమిది దాటి ఎనిమిది నెలలు.

భీమక్కకు తెలుగు అంతంత మాత్రం. కోయ, తెలుగు రెండూ వచ్చు కాబట్టి ఆమె వెంట నేను తిరిగాను. సారు దగ్గరికి వెళ్ళాం. ఆమె చెప్పడం పూర్తికాకముందే, "వస్తా. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తా" అన్నారు.

జూన్‌లో బడి తెరిచాక, నేను బియ్యం కడుగుతుంటే సార్ల గదిలో మాటలు వినబడ్డాయి.

"శ్రీశైలంగారూ, మీరు చదువుకున్నోళ్ళు. రిజిస్టర్ల రాసింది తప్పంటే అది మీ నెత్తి మీదికే వస్తది," అన్నారు హెడ్మాస్టరు.

"ఇప్పుడు వాని నెత్తి మీదున్నది కదండీ."

"పది మెమోను కాదని మీ నోటిమాట నమ్ముతరా?"

సారు, "నమ్మరేమో," అన్నారు.

ఆ నెలాఖరున ఖమ్మం కోర్టుకు పోయాం. తొలి బస్సుకు బయలుదేరి భద్రాచలంలో మారాం. సాక్షిగా సారును, తల్లిగా భీమక్కను మాత్రమే లోపలికి పంపారు. నేను సంచులు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. గంట తర్వాత భీమక్క బయటికొచ్చింది. ముఖం నల్లగా మాడిపోయి ఉంది.

"సారే రాసిండంట," అంది కోయలో. "అందరి ముంగట ఒప్పుకున్నడు. నేనే రాసిన, తప్పని ఎరుకైనా మార్చలే అన్నడు. గంత మాట నాకు అర్థమైంది."

అంతకు మించి ఆమెకు అర్థమయ్యే అవకాశం లేదు. ఇంట్లో తప్పు చేసినవాడు కులపెద్దల ముందు నిలబడి ఒప్పుకుంటే ఆ తప్పు అతనిదని తేలిపోతుంది. మా దగ్గర పంచాయతీ అట్లాగే జరుగుతుంది. ఒప్పుకోవడం కొడుకును విడిపించడానికని ఆమె ఎట్లా అనుకుంటుంది?

సారు బయటికొచ్చి కుళాయి దగ్గర కూర్చుని ముఖం కడుక్కున్నారు. నన్ను చూసి, "దుర్గా, అమ్మకు చెప్పు. ఆగస్టు పదహారని చెప్పిన. వరద సంగతి మొత్తం చెప్పిన," అన్నారు. భీమక్క అటు తిరిగి కూర్చుంది. బస్సులో ఆమెకు చెప్పాను. తిరిగి చెప్పాను.

"రాసినోడు ఆయనే గదా?" అంది.

రాసింది ఆయనే.

వయసు తేల్చడానికి ఎముకలు పరీక్ష చేసిన డాక్టరు పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య అని రాసిచ్చాడు. మెమో ఉంది, డాక్టరు కాయితం ఉంది. సారు మాట నిలబడలేదు. జోగయ్యను పెద్దవాళ్ళ జైల్లోనే ఉంచారు. జూలై మొదట్లో ఒక సోమవారం సారు బడికి రాలేదు. ఆ వారంలోనే గది ఖాళీ చేసి వైరా వెళ్ళిపోయారని తెలిసింది. ఎందుకని అడిగితే హెడ్మాస్టరు, "పై నుంచి ఆర్డర్" అని ఊరుకున్నారు. ఆ మాటలోంచి ట్రాన్స్‌ఫర్ పుట్టింది. కోర్టులో ఒప్పుకున్నాడన్న భీమక్క మాట దానికి తోడైంది. పిల్లల చేత రాయించిన ఇప్పపూలు, పెళ్ళిళ్ళు, చావులు కూడా అప్పుడే నేరాలయ్యాయి.

జోగయ్య నాలుగేళ్ళు లోపల ఉన్నాడు. 2008 జనవరిలో కేసు కొట్టేశారు. సాక్షులు ఎవరూ వాణ్ణి చూశామని చెప్పలేదట. ఇంటికొచ్చిన మనిషికి ఎడతెగని దగ్గు, జుట్టు సగం తెల్లబడింది. చర్లలో ఎరువుల బస్తాలు దించే పని చేస్తున్నాడు. ఎవరైనా పలకరిస్తే అవ్ అంటాడు, అంతే.

ఆ సెప్టెంబరులో శ్రీశైలం సారు చనిపోయారని కబురు వచ్చింది. మా క్లాసు లాలుకు చర్లలో జిరాక్స్ షాపు ఉంది. నేను రేషన్ కాయితాల పని మీద వెళ్ళేసరికి, అంగన్‌వాడీలో పనిచేసే తిరుమల కూడా అక్కడే ఉంది.

"ఫ్లెక్సీ కొట్టిద్దాం," అన్నాడు లాలు. "బళ్ళె సంతాప సభ పెడదాం. సారు ఫోటో పైన, మన బ్యాచ్ పేర్లు కింద."

"నీ పేరు పెద్దగ, సారు ఫోటో చిన్నగ గదా?" అంది తిరుమల.

"నవ్వులాట గాదే. నాతోని నాలుగుసార్లు ఇండియా మ్యాప్ గీపిచ్చిండు. శ్రీలంక మర్చిపోతే, లాలూ, ఆ ద్వీపాన్ని మింగినవారా అన్నడు. సారు జలగ పట్టిందని బల్ల మీదికి ఎగిరినప్పుడు నేనే గదా పీకింది. గసొంటి మనిషి మల్ల వచ్చిండా మన బడికి?"

"అవ్. మరి జోగయ్యను మింగిందెవరు?" అంది తిరుమల.

లాలు మిషన్ మూత తీసి మళ్ళీ వేశాడు.

"సారు కోర్టుల నిజమే చెప్పిండు," అన్నాను నేను.

మిషన్ చప్పుడు చేస్తోంది. "ఏమన్నవే?" అంది తిరుమల.

"ఏం లేదు."

లాలు రోడ్డు దాటి, లారీ దగ్గర బస్తాలు మోస్తున్న జోగయ్యను పిలుచుకొచ్చాడు. సారు పోయిన సంగతి చెప్పి, సభ పెడితే వస్తావా అని అడిగాడు. జోగయ్య భుజం మీది గోనెపట్టా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టుకోండిరా. నేను రాను."

"కోపమా?"

"సారు మీద నాకు కోపం లేదు. గా మాట అమ్మ ముంగట అనలేను, గంతే." దగ్గు వచ్చింది. తగ్గేదాకా గోడ పట్టుకుని, మళ్ళీ లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సభ పెట్టలేదు. ఫ్లెక్సీ కొట్టించలేదు. జోగయ్య లేని సభలో ఏం మాట్లాడాలో లాలుకు కూడా తోచలేదు.

దసరా సెలవుల తర్వాత రాంబాబు వచ్చాడు. వాడూ మా క్లాసే, ఖమ్మంలో మందుల షాపులో పనిచేస్తాడు. సారు భార్య పింఛను కోసం తిరుగుతోందని, మా బడి నుంచి సర్వీసు కాయితం కావాలంటే ఆమె తరఫున వచ్చానని అన్నాడు. వెంట తెచ్చిన కాయితాలను లాలు షాపులో నకలు తీయించాడు. మిషన్‌లోంచి ఒక్కొక్కటే బయటికొస్తుంటే వరసగా పేర్చి పెట్టమని నాకు ఇచ్చారు. మూడోది చదివాను. లాలును చదవమన్నాను. వాడు గట్టిగా చదివాడు.

శ్రీశైలం సారుకు ట్రాన్స్‌ఫర్ రాలేదు. కోర్టులో చెప్పిన తొమ్మిదో రోజున, స్కూలు రిజిస్టరులో తప్పుడు పుట్టినతేదీ రాసినట్టు తానే ఒప్పుకున్నందుకు, ఆయన్ని ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. చనిపోయే రోజుకు కూడా ఆయన్ని తిరిగి తీసుకోలేదు.