జర్మన్ సినిమా చివర్లో వచ్చిన ఉత్తరం

చదువుకోడానికి ఈ దేశం వచ్చిన మా యూనివర్సిటీ రోజుల్లో... బుధవారం మధ్యాహ్నాలు క్లాసులుండేవి కావు. ఫిల్మ్ క్లబ్బువాళ్ళు పాత హాల్లో ఏదో ఒక దేశం సినిమా వేసేవారు. మేముండే పారమట్టా నుంచి బస్సులో వెళ్ళేవాళ్ళం, నేనూ రూతూ. అప్పటికి రూతు నా క్లాస్‌మేట్ మాత్రమే... అని అందరికీ చెప్పేవాళ్ళం.

ఆ బుధవారం జర్మన్ సినిమా. ఎప్పటిదో పేరుమోసిన నాటకాన్ని తెరకెక్కించారట. ఒకే ఇల్లు, నలుగురు మనుషులు, బోలెడన్ని మాటలు...

బస్సు దిగుతుంటే రూతు కళ్ళద్దాలు జారిపడ్డాయి. వెనకాలాయన చూసుకోకుండా వాటిమీద కాలేశాడు. ఆమెకి దగ్గరివి బాగానే కనిపిస్తాయి, దూరానివి మసక. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు అందవు. వెనక్కి పోదామన్నాను. వినలేదు.

"నువ్వు చదివి చెప్పు. మా నాయనమ్మకి నేను ఇట్టాగే చెప్పేదాన్ని."

చివరి వరసలో కూర్చున్నాం. చెవి దగ్గర గుసగుసగా తెలుగులో చెబుతూపోయాను. ఒళ్ళో జంతికల డబ్బా. కొరికితే హాలంతా వినబడుతుందని నోట్లో నానబెట్టుకుని తిన్నాం. నా గుసగుసలకి ముందు సీటులోని పెద్దావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి రూతు ఆవిడకో జంతిక అందించింది. ఇక తిరగలేదు.

కథ చిన్నదే. ఒక పంతులమ్మ, ఊరు వదిలి వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూస్తుంటుంది. చివర్లో ఉత్తరం వస్తుంది. బల్ల దగ్గర కూర్చుని పైకి చదువుతుంది. అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండు నెలల్లో రూతు చదువు అయిపోతుంది, తెనాలి వెళ్ళిపోతుంది. వచ్చి మా నాన్నగారితో మాట్లాడతావా అని వారం కిందటే అడిగింది. వాళ్ళది చర్చి, మాది గుడి. మా ఇంట్లో ఏమంటారోనని నేనింకా జవాబు చెప్పలేదు.

తెరమీద ఉత్తరం... ఇక రాను, నన్ను మరిచిపో అని ఉంది.

"ఏమని రాశాడు?" అంది రూతు.

"రేపటి రైలుకి వస్తున్నానని."

"మరి అందరూ ముక్కులు చీదుతున్నారేంటి?"

"సంతోషానికి."

ఆమె జంతికల డబ్బా మూత నెమ్మదిగా పెట్టింది.

ఆ డిసెంబరు సెలవుల్లో తెనాలి వెళ్ళాను. రైల్లోనే. స్టేషన్‌కి ఆమే వచ్చింది, కొత్త కళ్ళద్దాలతో.

పెళ్ళయిన తర్వాత ముప్ఫై ఏళ్ళు... ఆ సినిమా మాట మా మధ్య రాలేదు.

నిరుడు ఇక్కడ వెస్ట్‌మీడ్‌లో, ఆసుపత్రి గదిలో, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది.

"ఆ జర్మన్ సినిమాలో ఉత్తరం... ఏముందో చెప్పు."

ఇన్నేళ్ళ తర్వాత అబద్ధమెందుకని నిజం చెప్పాను. రానని రాశాడన్నాను.

"తెలుసులే. మర్నాడే లైబ్రరీలో ఆ నాటకం తీసుకుని చదివా. నేనడిగింది అది కాదబ్బా... నువ్వు చెప్పింది చెప్పు."

మంచం మీదికి వంగి, చెవి దగ్గర, మొదటినుంచీ చెప్పుకొచ్చాను. రైలు దాకా వచ్చేసరికి నిద్రపోయింది. అయినా ఆ మాట చెప్పేశాను.

ఆ వారమే పోయింది.

ఇప్పుడు మా అమ్మాయి ఏ దేశం సినిమా అయినా టీవీలో పెట్టి, కింది అక్షరాలు నాకోసం పెద్దవి చేస్తుంది. "డాడ్, ఈజ్ ఇట్ క్లియర్?" అంటుంది. క్లియర్‌గానే ఉంటుంది. ఒక్క ముక్క పొల్లుపోదు... ఎవరికీ మార్చి చెప్పే పని లేదు.

మీ చెవిలో కూడా ఎవరో ఒకరు ఇలా సినిమా కథ చెప్పే ఉంటారు. ఎవరో రాయండి, చదువుతాను. ఆ మనిషి ఇంకా మీ పక్కనే ఉంటే మాత్రం... ఏం మార్చి చెప్పారని అడగకండి. మళ్ళీ చెప్పమనండి.