రేల గింజలు, అయస్కాంతపు నీళ్లు

పదవీ విరమణకు మూడేళ్లుందనగా, ఒక మార్చి నెలలో నన్ను సూరత్ దగ్గర హజీరాలోని ఒక పెద్ద కర్మాగారానికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ మేనేజర్, హార్టికల్చర్. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మొక్కల విభాగం పరిపాలన శాఖ కింద ఉండేది. అదే శాఖ కింద క్యాంటీను, ఉద్యోగుల బస్సులు, దోమల మందు కూడా ఉండేవి. నెలవారీ సమీక్షలో నా వంతు దోమల తర్వాత వచ్చేది.

ఇలాంటి కర్మాగారాలు తమ స్థలంలో కొంత భాగాన చెట్లు పెంచాలని పర్యావరణ అనుమతిలో షరతు ఉంటుంది. దాన్ని గ్రీన్ బెల్ట్ అంటారు. మా గ్రీన్ బెల్ట్ కాగితం మీద దట్టమైన అడవి. నేల మీద మాత్రం ఉప్పుగాలికి ఒరిగిపోయిన సరుగుడు చెట్లు, వాటి మధ్య పాత పైపులు. నర్సరీలో ఎనిమిదిమంది ఆడవాళ్లు కాంట్రాక్టు మీద పనిచేసేవారు. వాళ్లకు పెద్ద దిక్కు రాజవ్వ. సిరిసిల్ల దగ్గర పల్లె ఆమెది. సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో పాతికేళ్లు మగ్గాల ముందు నిలబడి పనిచేసిన భర్త, మోకాళ్లు పోయి ఇంటిపట్టునే ఉండేవాడు. ఇల్లు ఆమె రెక్కల మీదే నడిచేది. నేను తెలుగువాణ్నని తెలిసిన రోజు ఆమె నన్నడిగిన మొదటి మాట, "ఈడ ఎన్ని రోజులుంటరు సార్?" నాకు ముందు నలుగురు అధికారులు వచ్చి వెళ్లారట.

మా వైస్ ప్రెసిడెంటును అందరూ మెహతా సాబ్ అనేవారు. ఆయన ఆ వేసవిలో ఏదో విదేశానికి వెళ్లి, బాటకు రెండు వైపులా పసుప్పచ్చగా పూసిన చెట్లు చూసి వచ్చారు. అవి రేల చెట్లు. గుజరాతీలో గర్మాళో అంటారు. మెయిన్ గేటు నుంచి టౌన్‌షిప్ దాకా అలాంటి చెట్లే ఉండాలన్నారు. మొక్కలు బయట కొనకూడదు, మన నర్సరీలోనే గింజ నుంచి మొలిపించాలి, అప్పుడే వార్షిక నివేదికలో ఫొటోకు అర్థముంటుంది. అంతవరకూ నాకు సంతోషమే. ఆ తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. వానాకాలంలోపు మొలకలు రాకపోతే నర్సరీ మూసేసి పని బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తామని. ఆ మాట అన్నది నర్సరీలోనే, ఆ ఎనిమిదిమంది ఎదుటే. హిందీలో అన్నారు కాబట్టి వాళ్లకు అర్థం కాదనుకున్నారేమో. సూరత్‌లో పాతికేళ్లున్న మనిషికి హిందీ రాకుండా ఎలా ఉంటుంది?

రేల గింజ సంగతి కొంచెం చెప్పాలి. పై పెంకు గట్టిగా ఉండి నీటిని లోపలికి పోనివ్వదు. నీరు తాగని గింజ ఉబ్బదు, ఉబ్బని గింజ మొలవదు. అలాగే నాటితే నూటికి నాలుగో అయిదో లేస్తాయి. అందుకే ముందు పెంకును బలహీనపరచాలి. గాఢ ఆమ్లంలో కాసేపు ఉంచి కడగడం ఒక పద్ధతి. మరిగిన నీళ్లు పోసి చల్లారేదాకా నానబెట్టడం రెండోది. మూలవేరు వచ్చే కొనను వదిలేసి, రెండో కొన దగ్గర పెంకుకు చిన్న గాటు పెట్టడం మూడోది. అన్నిటికన్నా నమ్మకమైనది ఈ గాటే. కాకపోతే ఒక్కో గింజనూ చేత్తో పట్టుకోవాలి.

ఆమ్లం కోసం అర్జీ పెడితే భద్రతా విభాగం తిరస్కరించింది. నర్సరీ గేటు ముందు నుంచి రోజూ ఆమ్లం ట్యాంకర్లు పోయేవి. వాటికి అనుమతి ఉంది, నా అర లీటరుకు లేదు. మిగిలిన రెండు పద్ధతులూ వివరిస్తూ అర పేజీ నోట్ రాసి పంపాను. మెహతా సాబ్ పిలిపించి, "వేడినీళ్లా? అతిథులు వస్తే వాళ్లకు టీ కెటిల్ చూపించమంటారా?" అన్నారు.

పది రోజుల తర్వాత మెహతా సాబ్ పంపగా హితేన్‌భాయ్ వచ్చాడు. అయస్కాంతపు నీటి యంత్రం అమ్మేవాడు. స్టీలు గొట్టం, దానికి రెండు నీలం దీపాలు, సన్నగా ఒక మోత. బోరు నీరు అందులోంచి పోతే నీటి స్వభావమే మారుతుందట, రెండు రోజులు అందులో నానితే ఎంత మొండి గింజైనా మేలుకుంటుందట. హజీరా బోరు నీరు ఉప్పన. యంత్రంలోంచి వచ్చిన నీటిని రాజవ్వ దోసిట్లో పట్టి రుచి చూసింది.

"సార్, గిది ఇంక ఉప్పగనే ఉన్నది," అంది.

ఆమె ఏమందని హితేన్‌భాయ్ అడిగాడు. నీళ్లు బాగున్నాయంటోందని చెప్పాను. ఈ వ్యవహారంలో నేను చెప్పిన అబద్ధాల్లో అది చిన్నది.

పోల్చి చూడకుండా కొనడం సరికాదని నేను పట్టుబట్టాను. నాలుగు ట్రేలు, ఒక్కోదానిలో వంద గింజలు. మొదటిది మామూలు నీటిలో నానబెట్టినవి, ఏ చికిత్సా లేదు. ఇలా ఏమీ చేయకుండా ఉంచేదాన్ని కంట్రోల్ అంటారు. రెండోది యంత్రపు నీటిలో, మూడోది వేడినీటిలో నానినవి. నాలుగోదానికి గాటు. రాజవ్వను కూర్చోబెట్టి నెయిల్ కట్టర్‌తో గాటు ఎలా పెట్టాలో నేనే నేర్పాను. రెండు గింజలు పాడుచేసి, మూడో గింజ నుంచి నాకన్నా బాగా పెట్టింది. హితేన్‌భాయ్ తన బకెట్‌కు స్టిక్కర్ అంటించి వెళ్లాడు. మర్నాడు భద్రతా వారోత్సవం. అగ్నిప్రమాదంలో మొక్కలను ఎలా ఖాళీ చేయించాలో చెప్పే ఉపన్యాసానికి నన్ను సగం రోజు కూర్చోబెట్టారు. ఆ మరునాడు పొద్దున అన్నీ నాటించాను.

పదిహేను రోజులకు లెక్క చూశాను. కంట్రోల్ ట్రేలో అయిదు మొలకలు. వేడినీటి ట్రేలో సగానికి కొంచెం తక్కువ. గాటు ట్రేలో ఎనభై నాలుగు. యంత్రపు ట్రేలో ఎనభై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టాను. ఎనభై ఒకటే.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ముప్పై ఏళ్లుగా నేను నేర్చుకున్నది తప్పేమో అనుకున్నాను. బాధతో పాటు కొంచెం ఉత్సాహం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. అయస్కాంతం పెంకును ఎలా మెత్తబరిచిందో కనిపెడితే, రిటైరయ్యేలోపు ఒక పరిశోధన పత్రం రాయవచ్చు. అప్పటికే మెహతా సాబ్ ట్రేతో ఫొటో దిగారు. సంస్థకు చెందిన మరో రెండు కర్మాగారాలకు కూడా యంత్రాలు తెప్పించాలని ఆదేశించారు.

రేల మొలక పైకి లేచేటప్పుడు చాలాసార్లు పాత పెంకును నెత్తిన టోపీలా పెట్టుకుని వస్తుంది. మర్నాడు యంత్రపు ట్రేలోంచి అలాంటి పెంకు ఒకటి తీసి భూతద్దం కింద పెట్టాను. కొన దగ్గర అర్ధచంద్రాకారంలో శుభ్రమైన గాటు. ఇంకోటి తీశాను. అదే గాటు. చూసినవన్నీ అంతే. అయస్కాంతానికి నెయిల్ కట్టర్ వాడే అలవాటు లేదు కదా.

రాజవ్వను పిలిచి పెంకు చూపించాను. ఆమె దాచలేదు.

"మీరు మీటింగుకు పోయిన్నాడు చూసిన సార్. ఒక రోజు నానినా గింజలు రాళ్లలెక్కనే ఉన్నయి. పెద్ద సాబుకు గా మిషిన్ మీదనే ఆశ, గది ఫేలయితే మొలకలు రాలేదని నర్సరీ బంద్ వెడ్తడు గద. జర కట్టర్ వెట్టి మల్ల నీళ్లల్ల ఏసిన. గంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఒద్దంటరు. మీది ఇమాన్‌దారి నౌకరి. మా ఎనిమిది మందిమి యాడికి వోవాలె?" అని, "మీరు నేర్పిన పనే గద సార్," అంది.

నాకు కోపం రావాలి. ఆమె మీద రాలేదు. ఫలితాన్ని నివేదించాల్సిన అధికారిని నేను. ఆ వారం రాసిన నివేదిక ఇప్పటికీ నాకు గుర్తుంది: "యంత్రపు నీటిలో నానిన విత్తనాలలో ఎనభై ఒక్క శాతం మొలకెత్తినవి." ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఉద్యోగంలో నేను రాసిన వాక్యాల్లో అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి లేదు.

నెల గడిచేసరికి మిగతా రెండు చోట్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. యంత్రం మోగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, గింజలు మాత్రం కదలడం లేదు. విచారణకు మెహతా సాబ్ అధ్యక్షతన కమిటీ వేశారు. అందులో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఒక అకౌంట్స్ అధికారి ఉన్నారు. విత్తనం గురించి తెలిసినవాళ్లు మాత్రం లేరు. హజీరా గాలిలోని ఉప్పు యంత్రానికి అనుకూలించి ఉండవచ్చని వాళ్లు దాదాపు తేల్చేశారు. మిగతా కర్మాగారాలకు ఇక్కడి బోరు నీటిని ట్యాంకర్లలో పంపాలన్న ప్రతిపాదన రాగానే నేను లేచాను.

పెంకులు, భూతద్దం బల్ల మీద పెట్టి జరిగినది చెప్పాను. పని చేసినది రాజవ్వ, దాచినది నేను, రెండింటినీ కలపవద్దన్నాను. నా మీద చర్య తీసుకున్నా సరే, ఆ ఆడవాళ్లను తీసేస్తే గాటు పెట్టడం తెలిసినవాళ్లు ఈ సంస్థలో ఇంకెవరూ మిగలరన్నాను. మెహతా సాబ్ భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. యంత్రం తప్పంటే దాన్ని కొన్నది తప్పు. కొన్నది ఆయన.

చివరికి ఆయన తలెత్తి, "అంటే యంత్రానికి కొంత మానవ సహకారం అవసరమన్నమాట," అన్నారు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడు కర్మాగారాలకూ కొత్త విధాన పత్రం వెళ్లింది. మొదటి దశ, గింజకు గాటు. రెండో దశ, యంత్రపు నీటిలో నానబెట్టడం. అన్ని చోట్లా మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. హితేన్‌భాయ్ తన కరపత్రంలో మా ట్రే ఫొటో వేసుకున్నాడు. నెయిల్ కట్టర్ల కోసం పెట్టిన ఇండెంటును కొనుగోలు విభాగం వ్యక్తిగత అలంకరణ సామగ్రి అని తిప్పిపంపింది. "విత్తన కవచ ఛేదన సాధనం" అని మార్చి రాస్తే మూడు కొటేషన్లు అడిగి మంజూరు చేసింది. నాకు ఒక హెచ్చరిక లేఖ వచ్చింది. ఎనిమిదిమందికీ కాంట్రాక్టు కొనసాగింది. మిగతా కర్మాగారాల వాళ్లకు శిక్షణ ఇవ్వడానికి రాజవ్వను పంపారు. ప్రయాణ ఉత్తర్వులో ఆమె హోదా "యంత్ర సహాయకురాలు".

ఆమెకు అది చదివి వినిపించాను. "నేను మిషిన్‌కు సాయం చేసుడేంది సార్, ఉల్టా రాసిండ్రు," అని నవ్వి బస్సెక్కింది.

ఈ వ్యవహారం నుంచి నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. విత్తన పరీక్షలో ఏ చికిత్సా లేని ట్రే ఒకటి తప్పకుండా ఉండాలి. అది అందరికీ తెలుసు. దానికన్నా ముందు, ఆ పరీక్ష విఫలమైతే ఎవరి కూడు పోతుందో కనుక్కోవాలి. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. అది తెలియకుండా నేను సంతకం చేసిన పాత మొలక శాతాలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు లెక్కపెట్టే వీలు లేదు.